మామ ఎదుట పదమూడు వేసిన రోజు

ఇంకొంచెం ఇటు జరిగి కూర్చోండమ్మా, మీరూ గోడకు ఆనుకోండప్పా. అక్కడైతే ఫ్యాను గాలి నా మాటల్ని వీధిలోకి పట్టుకుపోతుంది. ఆ రోజుల్లో, అంటే మరీ తాతల నాటి సంగతేమీ కాదు, కరోనా అణిగి, ఆగిపోయిన పెళ్ళిళ్ళన్నీ ఒక్కసారిగా మీద పడిన రోజుల్లో, నా కాళ్ళు ఒక చోట నిలిచేవి కావు. బడిలో కూడా అంతే. ఏడో తరగతిలో పంతులమ్మ నన్ను కూర్చోబెట్టలేక విసిగిపోయింది, నేను కూర్చోలేక విసిగిపోయాను, చదువు అక్కడితో సరి. (జ్ఞాపకం మాత్రం ఆగలేదు. ఎవరింటి పెళ్ళిలో రసం పలచనైందో ఈ రోజుకీ చెప్పగలను, కానీ చెప్పను, వాళ్ళు మళ్ళీ మాకే వంట ఇస్తున్నారు.) పుంగనూరులో మా మేనమామది పెళ్ళి వంటల మేళం. నేను అందులో కొబ్బరి తురిమేదాన్ని. కొబ్బరి తురమడమంటే కత్తిపీట మీద కుదురుగా కూర్చోవాలి కదా, ఆ పని నాకే ఎందుకు ఇచ్చారో దేవుడికే తెలియాలి. నా కళ్ళన్నీ పొయ్యి మీదే. గరిటె పట్టుకుని, ఒక వంటకు నేనే నిలబడి, 'ఇది ఆ పిల్ల వంట' అనిపించుకోవాలని ఒకటే ఆరాటం. మామతో ఎప్పుడంటే అప్పుడు అదే మాట. ఆయన జవాబూ ఎప్పుడూ ఒకటే: "ముందర కాలు నిలపడం నేర్సుకో మే, గరిటె తర్వాత పడుదువు."

ఆ ఏడాదే మామ కూతురు, మా వదిన, కాన్పుకని పుట్టింటికి వచ్చింది. ఆమె వెనకాలే ల్యాప్‌టాప్ సంచీ తగిలించుకుని ఆమె భర్త కూడా దిగాడు. వరసకు నాకు అన్న. బెంగళూరులో ఒక కంపెనీలో ప్రాజెక్టు మేనేజరు, సొంత ఊరు కుప్పం, ఇంటి నుంచే పని. ప్రాజెక్టు మేనేజరంటే ఏం చేస్తారన్నా అని మొదటి రోజే అడిగాను. "పని చేసేవాళ్ళు వేరే ఉంటారమ్మా, పని ఎప్పటికి అవుతుందని అడగడం నా పని" అన్నాడు. అదైతే మా మామ జీతం లేకుండా చేస్తున్నాడు కదా అనుకున్నాను. మంచి మనిషి, ఊరికే నవ్వేవాడు. ఆయన కాఫీ కప్పు మీద 'నిన్నటికే కావాలి' అని ఇంగ్లీషులో రాసి ఉండేది. ప్రాజెక్టు మేనేజర్లు ఒకళ్ళ కష్టాలు ఒకళ్ళకు చెప్పుకుని నవ్వుకునే గుంపులు ఫోన్‌లో ఉండేవి. వాటిలో వచ్చే బొమ్మలు చూసి ఒక్కడే పకపకా నవ్వి, మాకు తెలుగులో విప్పి చెప్పేవాడు, అప్పటికి నవ్వు చల్లారిపోయేది. ఇద్దరు మనుషులు గంటసేపు గడువుల గురించి నవ్వుతూ మాట్లాడుకునే కార్యక్రమం ఒకటి ఫోన్‌లో పెట్టుకుని మాతో కూర్చుని వెల్లుల్లి ఒలిచేవాడు. మా అత్త అది విని, పక్కింట్లోకి ఎవరో ఇంగ్లీషు వాళ్ళు అద్దెకు దిగారనుకుని రెండు రోజులు గోడ మీదుగా తొంగి చూసింది.

ఇంటి అల్లుడు ఏదైనా చెబితే కాదనే మర్యాదలేని ఇల్లు కాదు మాది. అదే కొంప ముంచింది. ఒక రోజు ఆయన, "మామా, మీ పనంతా ఒక ప్రాజెక్టే. మా ఆఫీసులో చేసినట్టు చేసి చూద్దామా" అన్నాడు. మామ మొహంలో రంగులు మారాయి కానీ నోట్లోంచి మాత్రం, "అట్లనే కానీ అల్లుడా, నువ్వు సెప్పినాక ఇంకేముండాది" అని వచ్చింది. మర్నాటి నుంచి పొద్దున్నే స్టాండప్ మీటింగు. అందరూ నిలబడి, నిన్న ఏం చేశారు, ఇవాళ ఏం చేస్తారు, ఏమైనా అడ్డంకులున్నాయా అని చెప్పాలి. నిలబడితే మాటలు తొందరగా ముగుస్తాయట. మా మేళంలో నిప్పు చూసుకునే ఒక పెద్దాయన ఉండేవాడు, మేమంతా మంట భాయ్ అనేవాళ్ళం. ఆయన మొదటి రోజే అడిగాడు, "అరె అప్పా, పొయ్యి కాడ ముప్పై ఏండ్లుగా నిలబడే ఉండాను. కూసోని మాట్లాడే మీటింగు పెడితే పుణ్యముంటాది కదా." ఇక మా అత్త. అల్లుడి ఎదుట నిలబడి మాట్లాడే అలవాటు ఆమెకు లేదు, తలుపు చాటున నిలబడి గాజుల చెయ్యి మాత్రం బయటికి పెట్టి చెప్పేది: "నిన్న చింతపండు నానేసినాననుమ్మే. ఇయ్యాల పిసుకుతాననుమ్మే." నేను ఆ మాటను అన్నకు అందించాలి, ఆయనకు వినపడుతున్నా సరే. మామకు సిగ్గేసింది. అన్న మాత్రం, "ఫరవాలేదు మామా, మా ఆఫీసులో కూడా సగం మంది కెమెరా ఆపేసే మాట్లాడతారు" అన్నాడు. అడ్డంకులేమైనా ఉన్నాయా అంటే అందరం ఒకటే మాట, "ఏం లేదన్నా." అల్లుడి దగ్గర ఇంటి ఇబ్బందులు చెప్పుకుంటామా? గ్యాసు బండ ఖాళీ అయిన రోజు కూడా ఏం లేదనే చెప్పాం.

మదనపల్లెలో ఒక నిశ్చితార్థం వంటతో మొదటి ప్రయోగం జరిగింది. చేయాల్సినవి, చేస్తున్నవి, అయిపోయినవి అని వంటగది గోడ మీద మూడు వరుసలు గీసి, ఒక్కో పనికి ఒక్కో రంగు చీటీ అంటించాడు. కూరలకు పచ్చ, అన్నాలకు పసుపు, తీపికి గులాబీ. ఏ పని ఎంతవరకు వచ్చిందో దూరం నుంచే తెలుస్తుందట. నిజంగానే బాగుంది, మామ కూడా రెండుసార్లు మెడ ఎత్తి చూశాడు. అన్న అటు ఫోన్ మాట్లాడటానికి వెళ్ళాడు, ఇటు మా అత్త వచ్చింది. ఆమెకు చెదిరిన వస్తువు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. 'పిల్లోడు పాపం తొందరలో యాడంటే ఆడ అంటించినాడు' అని జాలిపడి, పచ్చవన్నీ ఒక వరుసలో, పసుపువన్నీ ఒక వరుసలో, గులాబీవన్నీ చివరి వరుసలో ముద్దుగా సర్ది పెట్టింది. అన్న తిరిగి వచ్చి చూస్తే పాయసం అయిపోయింది, లడ్డూలు అయిపోయాయి, కూరలు మాత్రం ఇంకా మొదలే కాలేదు. పాయసం రుచి చూద్దామని గిన్నె పట్టుకుని వెళితే అక్కడ సగ్గుబియ్యం ఇంకా నీళ్ళలో ఈదుతోంది. ఆయన నవ్వి నవ్వి గోడకు చతికిలబడ్డాడు. అత్త తలుపు వెనక నుంచి, "బాగుండాదా అని అడుగుమ్మే" అంది. "చాలా బాగుందని చెప్పు" అన్నాడు. దేవుడిచ్చిన అల్లుడు.

అంతలో కుప్పం వంట వచ్చింది. అన్న చిన్నాన్న కూతురి పెళ్ళి. అంటే మామకు వియ్యంకుల ఊరు, వియ్యంకుల ఇల్లు, వియ్యంకుల పంక్తి. ఆ మాట విన్నప్పటి నుంచి ఆయన కూడా నాలాగే ఇంట్లో తిరగడం మొదలుపెట్టాడు. నేను వంటింటి నుంచి పెరట్లోకి, ఆయన పెరట్లోంచి వీధిలోకి, మధ్యలో ఇద్దరం ఢీకొని ఒకళ్ళనొకళ్ళు తిట్టుకునేవాళ్ళం. అట్లా ఢీకొన్నప్పుడే ఒకసారి ఆయన ఆగి, "ఓళిగలు నువ్వు సూసుకుంటావా?" అన్నాడు. ఓళిగలంటే కొందరు బొబ్బట్లంటారే, అవే. పూర్ణం ఉడికించడం నుంచి పెనం మీద కాల్చడం దాకా మొత్తం నాదే. "ఆఖరి ఆకు దాకా ఓళిగ అందితే, తర్వాత గుర్రంకొండ వంటకు నువ్వే నిలబడి సేద్దువు. ఒక్క ఆకు తక్కువైనా మళ్ళీ కొబ్బరి సిప్ప పట్టుకో, ఇంక గరిటె మాట ఎత్తొద్దు." సరేనన్నాను. ఆ రాత్రి నిద్రలో కూడా తడుతూనే ఉన్నానని, తన వీపు మీద తట్టానని వదిన పొద్దున చెప్పింది.

ఎవరికి ఏ పని, ఎంతమంది, ఎన్ని పొయ్యిలు అని లెక్క తేలాలి కదా. దానికి అన్న ఒక ముక్కల కట్ట తీశాడు. మామూలు పేక కాదు, ప్రాజెక్టుల వాళ్ళు ఆడుకునేది. ఒకటి, రెండు, మూడు, అయిదు, ఎనిమిది, పదమూడు, ఇరవై అని అంకెలు. ఇంకా, విసుగొస్తే వేయడానికి కాఫీ కప్పు బొమ్మ ఒకటి, ఏమీ తెలియకపోతే వేయడానికి ప్రశ్న గుర్తు ఒకటి. అందరికీ తలా ఒక జత. "ఒక పని పేరు చెబుతాను. అది ఎంత కష్టమో ఎవరికి వాళ్ళు మనసులో అనుకుని, ఒక్కసారే ముక్క ఎత్తాలి. పక్కవాళ్ళది చూడకూడదు. తేలికైతే చిన్న అంకె, కష్టమైతే పెద్ద అంకె" అన్నాడు. మామ ముక్కల్ని విసనకర్రలా విప్పి చూసుకుని, "కష్టమంటే మనకు యాడుండాది అల్లుడా, పుట్టినప్పటి నుంచి సేస్తాండే పనే కదా" అన్నాడు. ఆ మాటతోనే ఆట ముగిసిపోయింది, అన్నకు తెలియలేదు, అంతే. అన్నం అన్నాడు అన్న, ఒకటి, రెండు, మూడు. మామ చెయ్యి ఒక్కటే లేచింది, రెండు. మా చేతులు ఒక ఊపిరి ఆలస్యంగా లేచాయి, అన్నీ రెండులే. మంట భాయ్ మాత్రం కాఫీ కప్పు ఎత్తాడు. సాంబారు అంటే మామ రెండు, మేమంతా రెండు, భాయ్ కాఫీ కప్పు. "భాయ్, టీ తాగుతారా?" అని అన్న అడిగితే, "వద్దప్పా. పెద్దాయన ముందర పెద్ద అంకె ఎట్లా ఎయ్యాల, సిన్నది ఏస్తే అబద్ధం. దీనితో ఎవురికీ కోపం రాదు" అన్నాడు. అన్న అది కూడా జోకే అనుకున్నాడు.

ఆఖరున ఓళిగలు అన్నాడు. నా బొటనవేలు పదమూడు మీద ఉంది. శనగబేడలు ఉడకాలి, బెల్లంతో రుబ్బాలి, పైపిండి నూనెలో నానాలి, ఒక్కోటీ చేత్తో తట్టాలి, వియ్యంకుల ఊళ్ళో ఒక్కో మనిషి రెండేసి అడుగుతాడు. రెండు పెనాలు, అయిదుగురు ఆడవాళ్ళు లేకుండా అయ్యే పని కాదని కత్తిపీట మీద నుంచే ఎన్నిసార్లో చూశాను. ఒకటి, రెండు, మూడు. మామ చెయ్యి లేచింది, మూడు వేశాడు. (ఓళిగలు ఆయన ఏనాడూ తట్టలేదు, మా మేళంలో అది ఆడవాళ్ళ పొయ్యి.) పైగా నా వైపు చూసి, "దీనికేం కష్టం మే?" అన్నాడు. కష్టమంటే గరిటె ఎక్కడ జారిపోతుందోనని నా వేలు పదమూడు మీద నుంచి దిగి, మూడు కూడా దాటి, రెండు మీద వాలింది. మామకు కష్టం మూడైతే మేనకోడలికి రెండే కదా మర్యాద. తలుపు చాటు నుంచి అత్త గాజుల చెయ్యి కూడా రెండే చూపించింది. అన్న మొహం వెలిగిపోయింది. "మా ఆఫీసులో ఒక్క పనికి గంట సేపు కొట్టుకుంటారు. మీ దగ్గర ఎంత ఏకాభిప్రాయం మామా" అన్నాడు. ఓళిగలకు ఒక పెనం, ముగ్గురం అని రాసేశాడు.

కుప్పం కల్యాణ మండపంలో ఆ పొద్దున నేను, అత్త, పక్కింటి పిన్ని ఒక పెనం చుట్టూ కూర్చున్నాం. తడుతున్నాం, కాలుస్తున్నాం, బుట్టలో వేస్తున్నాం, బుట్ట నిండదు. కాలు నిలవని మనిషిని కదా, నాలుగు తట్టగానే లేచి ముహూర్తం ఎంతవరకు వచ్చిందో తలుపు దగ్గర నుంచి చూసి రావడం, మళ్ళీ కూర్చోవడం, మళ్ళీ లేవడం. "నువ్వు పోయి సూసొచ్చే లోపల ఇంకో నాలుగు అయ్యుండు. మూర్తం యాడికీ పారిపోదు, కూసోమ్మే" అని అత్త కొంగు పట్టి లాగింది. నాకున్న ధైర్యం ఒక్కటే, ఫొటోల వాళ్ళు. ఏ పెళ్ళిలోనైనా తాళి కట్టాక ఫొటోల వాళ్ళు జంటను పట్టుకుంటే అన్నాలు చల్లారేదాకా వదలరు. మామ వాళ్ళను తిట్టని పెళ్ళి లేదు. ఆ రోజు మాత్రం ఆ ఫొటోగ్రాఫరుకు సాయంత్రం కృష్ణగిరి పక్క ఇంకో పెళ్ళి ఉందట. తాళి పడింది, నాలుగు ఫొటోలు తీశాడు, కెమెరా మూత పెట్టేశాడు. నేను తొంగి చూసేసరికి బంతికి ఆకులు వేస్తున్నారు. నా కాళ్ళు, జన్మలో మొదటిసారి, ఉన్న చోట ఉన్నట్టే నిలిచిపోయాయి.

మామ వచ్చి బుట్ట కేసి చూశాడు. "ఎంతవరకు వచ్చినాయి మే?" నా నోరు అలవాటుగా, "అయిపోతాండాయి మామా" అంది. వెనకాలే అన్న వచ్చాడు, పెళ్ళి చొక్కా జేబులో ఆ ముక్కల కట్ట కూడా ఉంది. ఆయన కూడా అలవాటుగా, "ఏమైనా అడ్డంకులున్నాయా?" అన్నాడు. ఏం లేదన్నా అనాలి. నాలుక అటే కదులుతోంది. ఏమైందో ఏమో, లేచి, పిండి చేత్తోనే ఆయన జేబులోంచి కట్ట లాగి, ముక్కలన్నీ నేల మీద పరిచి, వెతికి, పదమూడు తీసి మామ మొహం ముందు పట్టుకున్నాను. నూనె కారుతున్న పదమూడు. పెనం మీద ఓళిగ మాడుతోంది. "ఏందిది?" అన్నాడు మామ. "పదమూడు మామా. ఆ రోజు కూడా పదమూడే. ఇంకో పెనం ఉంటే తప్ప రెండో బంతికి కూడా అందవు." ఆయన ఏదో అనబోయాడు. ఆ లోపల మంట భాయ్ భుజం మీది తువ్వాలుకు చేతులు తుడుచుకుని వంగి, నేల మీద నుంచి ఇరవై ఏరి నా ముక్క పక్కన పెట్టాడు. "నాదిది. ఆ పొద్దు టీ వద్దనే అంటిని కదప్పా." అప్పుడు స్తంభం చాటు నుంచి గాజుల చెయ్యి బయటికొచ్చింది. "నాది కూడా పదమూడే. ఇంకోటి ఉంటే ఇమ్మనుమ్మే" అంది అత్త. పక్కింటి పిన్ని ఏమీ తోచక ప్రశ్న గుర్తు ఎత్తింది.

మామ మా నలుగురినీ చూశాడు, ముక్కల్ని చూశాడు. నాకు కొబ్బరి చిప్ప కళ్ళ ముందు కనపడింది. ఆయన పంచె పైకి మడిచి, నా పక్కన పీట లాక్కుని కూర్చుని, "పైపిండి ఇటు తొయ్" అన్నాడు. భాయ్ అన్నం దించిన పొయ్యి మీదికి రెండో పెనం ఎక్కించాడు. అన్న నిలబడే, "నేనేం చెయ్యాలి?" అన్నాడు. "టైము తెచ్చిపెట్టన్నా" అన్నాను. "అది మా పనే" అని పరుగెత్తాడు. వెళ్ళి ఫొటోగ్రాఫరు చెయ్యి పట్టుకుని కెమెరా మూత తీయించాడట. పెళ్ళికొడుకు స్నేహితులంతా బెంగళూరు ఆఫీసుల వాళ్ళే. వాళ్ళను గుంపులు గుంపులుగా ఎక్కించి, ఫోన్ గుంపులో జోకులన్నీ ఒకటొకటే చెబుతూ, నవ్వినప్పుడల్లా ఒక ఫొటో తీయించాడు. మాకు ఎన్నడూ నవ్వు రాని జోకులకు వాళ్ళు కడుపు పట్టుకుని నవ్వారట. ఆడవాళ్ళ వైపు పెద్దమ్మలను పిలిచి, 'మీ ఫొటో రాలేదంటమ్మా' అన్నాడట. ఇంకేం, కూర్చున్న ఆకుల ముందు నుంచి లేచి మరీ వెళ్ళారు. లోపల మేం తడుతున్నాం. మామ తట్టినవి ఒక్కోదానికి చెవులు మొలిచాయి. "ఇంత కష్టమని యాల సెప్పలేదు?" అన్నాడు తలెత్తకుండా. "కష్టం యాడుండాదని నువ్వే అంటివి కదా" అంది అత్త, స్తంభం చాటు నుంచి పూర్తిగా బయటికొచ్చి.

మొదటి బంతి లేచింది, రెండోది లేచింది, మూడోది లేచింది. ఆఖరి బంతిలో ఇంటివాళ్ళు కూర్చుంటారు కదా, చివరి ఆకు మామ వియ్యంకుడిది. ఆ ఆకులో పడింది మామ తట్టిన చెవుల ఓళిగ. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇది యా ఊరి అచ్చు బావా?" అన్నాడు. "నా సేతి అచ్చే బావా" అన్నాడు మామ. వియ్యంకుడు తిన్నాడు, నెయ్యి నాకాడు, "బాగుండాది, ఇంకోటి ఎయ్యండి" అన్నాడు. నేను బుట్ట వంచి చూశాను. బుట్ట అడుగున అరిటాకు తప్ప ఏమీ లేదు. మామ నా వైపు చూశాడు, నేను అత్త వైపు చూశాను. అత్త ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, పుంగనూరులో ఉన్న వదిన కోసం మొదటి వాయిలోనే తీసి దాచిన స్టీలు డబ్బా మూత విప్పింది. అందులో ఒకటే ఓళిగ. (వదిన ఈ రోజుకీ ఆ ఓళిగ అడుగుతుంది. నెలలు నిండిన మనిషి నోటి దగ్గరిది లాక్కున్నామని నన్నే అంటుంది, వాళ్ళమ్మను ఒక్క మాట అనదు.)

తిరుగుదారిలో వ్యాను వెనక గిన్నెల మధ్య మామ, నేను ఎదురెదురుగా కూర్చున్నాం. పలమనేరు దాటేదాకా ఆయన గిన్నెల మూతలు లెక్కపెడుతూనే ఉన్నాడు. నా మోకాలు ఆడుతూనే ఉంది, దానికి తగిలి గిన్నెలు గలగలమంటున్నాయి. అప్పుడన్నాడు, "గుర్రంకొండ వంటకు ఎన్ని పొయ్యిలు కావాల్నో సెప్పు. నేను ముక్క తియ్యను, నువ్వు తీసినాక తీస్తా." ఆ రోజు నుంచి మా మేళంలో అదే పద్ధతి, చిన్నవాళ్ళు ముందు, పెద్దాయన ఆఖర్న. అన్న ఈ సంగతి తన ఆఫీసులో చెబితే, అక్కడ కూడా పెద్ద మేనేజరు ముక్క చూసే అందరూ వేస్తున్నారని అప్పుడు కనిపెట్టారట.

ఇప్పుడు మేళం నాది. మామకు మోకాళ్ళ నొప్పులు, కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తాడు. అన్న ముక్కల కట్ట మాకే వదిలేసి, ఫోన్‌లో ఏది అడిగినా జవాబు చెప్పే యంత్రంతో మాట్లాడుతున్నాడు. అది మా ఇంటి వాళ్ళకంటే మర్యాదస్తురాలు, 'ఇది తేలికే కదా' అంటే తేలికే అంటుంది, 'కష్టం కదా' అంటే చాలా కష్టం అంటుంది. భాయ్ దాన్ని చూసి, "దీనికి కాఫీ కప్పు ముక్క నేర్పించప్పా" అన్నాడు. మొన్న వాల్మీకిపురం పెళ్ళికి లెక్కలు వేస్తుంటే, ఈనెలు తీయడానికి మామ ఇరవై ఎత్తాడు. "చిక్కుడుకాయలకు ఇరవయ్యా మామా?" అన్నాను. "నా నడుముకు ఇరవయ్యే. మూడు ఏసే వయసు అయిపాయె" అని నవ్వాడు. తర్వాత ఓళిగలు అన్నారు. అందరూ వేశారు, నా వంతు ఆఖర్న. నేను కూడా ఎత్తాను. మామ కళ్ళజోడు సరిచేసుకుని నా చేతి కేసి చూసి, "ఆ రెండు లోపల పెట్టి, నీ నిజం ముక్క తియ్యి మే" అన్నాడు. చూసుకుంటే నిజంగానే రెండే. నాయకురాలిని కదా, నాకు కష్టం ఎక్కడిది. నవ్వొచ్చింది, ఆ నూనె చేతుల పిల్ల ఒక్క పొద్దు కోసం నాలోకి వచ్చి మళ్ళీ ఎటు వెళ్ళిపోయిందా అని కొంచెం బెంగ కూడా వేసింది. రెండు లోపల పెట్టి, అంచు మీద ఇంకా ఆ నాటి నూనె మరక ఉన్న పదమూడు తీశాను.

విన్నారు కదా, ఇంక లేవండి, నా మోకాలు ఆడడం మొదలైంది. మీ ఇంట పెద్దవాళ్ళు ఆఖర్న మాట్లాడుదురు గాక, చిన్నవాళ్ళు ముందు నోరు విప్పుదురు గాక, మీ పంక్తిలో ఆఖరి ఆకు దాకా తీపి అందుగాక, డబ్బాలో దాచిన ఒక్కటీ దాచినట్టే మీ ఆడబిడ్డకు చేరుగాక.